ఆ పాత్రకు మరుసటి రోజును కూడా రాయండి

సినిమాలకూ, టెలివిజన్ ధారావాహికలకూ, ఓటీటీ సిరీస్‌లకూ కథలు రాస్తున్న రచయితలకు, వాటిని తెరకెక్కిస్తున్న దర్శకులకు, వాటి మీద డబ్బు పెడుతున్న నిర్మాతలకు నమస్కారం.

నాకు పన్నెండేళ్లప్పుడు, ఇంట్లో అందరం కలిసి టీవీలో ఒక సినిమా చూస్తుండగా, నడుము తిప్పుతూ నడిచే ఒక మగ పాత్ర వచ్చి హీరో స్నేహితుడి చెయ్యి పట్టుకోబోయింది. ఆ స్నేహితుడు అదిరిపడి వెనక్కి దూకాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే కాస్త ఎక్కువసేపే నవ్వాను. నవ్వకపోతే ఎవరైనా నా ముఖం వంక చూస్తారేమోనన్న భయం అప్పటికే నాలో గూడు కట్టుకుని ఉంది. ఆ పాత్రకు సినిమాలో పేరు లేదు, ఆ సన్నివేశం తర్వాత అది మళ్లీ కనిపించలేదు. నాలాంటి మనిషిని తెర మీద చూడడం నాకు అదే మొదటిసారి.

ఆ తర్వాత చాలా మారింది. నవ్వించడానికే వచ్చే పాత్రల పక్కన, ఏడిపించడానికి వచ్చే పాత్రలు చేరాయి. మంచి నటులు వాటిని పోషించారు, మంచి దర్శకులు వాటిని శ్రద్ధగా తీశారు, నేను కృతజ్ఞతతోనే చూశాను. అయినా ఒక విషయం నన్ను వదలడం లేదు. గే పాత్రలు, లెస్బియన్ పాత్రలు మీ కథల్లోకి వస్తున్నాయి, తమ గురించి తాము చెప్పుకుంటున్నాయి, అవమానపడుతున్నాయి, కొన్నిసార్లు చనిపోతున్నాయి. ఆ చెప్పుకోవడానికీ ఆ చావుకూ మధ్య ఉండవలసిన బతుకు మాత్రం కథలో ఉండడం లేదు. వారికి మరుసటి రోజు లేదు. మీలో ఎక్కువమంది మంచి మనసుతోనే రాస్తున్నారని నమ్ముతున్నాను కాబట్టే ఈ ఒక్క సంగతి మీ ముందు పెడుతున్నాను.

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో గుర్తు చేసుకోవడం అవసరం. 1919లో జర్మనీలో రిచర్డ్ ఓస్వాల్డ్ తీసిన 'ఆండర్స్ ఆల్స్ డి ఆండర్న్' అనే మూకీ చిత్రాన్ని, పురుషుల మధ్య ప్రేమను సానుభూతితో చూపిన తొలి చిత్రాల్లో ఒకటిగా చెప్పుకుంటారు. కాన్రాడ్ వైట్ పోషించిన వయొలిన్ విద్వాంసుణ్ణి, అతని ప్రేమ సంగతి తెలిసిన ఒకడు బెదిరించి డబ్బు గుంజుతాడు. కేసు కోర్టుకెక్కుతుంది, పరువు పోతుంది, చివరకు అతను ప్రాణం తీసుకుంటాడు. లైంగికత మీద పరిశోధనలు చేసిన డాక్టర్ మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ ఆ కథారచనలో పాలుపంచుకోవడమే కాక తెర మీద వైద్యుడిగా కనిపించి, తప్పు ఈ మనిషిది కాదనీ, పురుషుల మధ్య సంబంధాన్ని నేరంగా చూసి ఇతణ్ణి నేరస్థుణ్ణి చేసిన జర్మన్ చట్టంలోని 175వ పేరాదనీ వాదిస్తాడు. మరుసటి ఏడాదే సెన్సారు ఆ చిత్రాన్ని సామాన్య ప్రేక్షకులకు నిషేధించింది. నేను గమనించమని కోరేది ఏమిటంటే, ఆ కథలో చావుకు ఒక పని ఉంది. ఆ చావు ఒక చట్టం మీద నేరారోపణ.

పదిహేనేళ్లు గడిచేసరికి చావు వేరే పనికి మళ్లింది. హాలీవుడ్ స్టూడియోలు 1930లో ఒప్పుకుని, 1934 నుంచి కచ్చితంగా అమలుపరచిన నియమావళి 'లైంగిక వికృతి'ని గానీ, దాని సూచనను గానీ తెర మీదికి రానివ్వకూడదని శాసించింది. రచయితలు సైగలతో రాయడం నేర్చుకున్నారు. 1941 నాటి 'ది మాల్టీస్ ఫాల్కన్'లో పీటర్ లోరీ వేసిన పాత్ర గది లోపలికి అడుగు పెట్టకముందే అతని విజిటింగ్ కార్డు వస్తుంది, ఆ కార్డుకు గార్డీనియా పూల వాసన ఉంటుంది. అతను గే అని మూల నవలలో నేరుగా చెప్పిన మాటకు బదులు సినిమాలో ఆ వాసన వచ్చి చేరింది. చూడడానికి అది చక్కటి నేర్పే. కానీ అలాంటి నేర్పు ముప్పై ఏళ్లకు పైగా ఎక్కువగా ప్రతినాయకులకూ, పిరికివాళ్లకూ, హాస్యగాళ్లకూ మాత్రమే ఖర్చయింది. అత్తరు పూసుకున్న మగవాడిని నమ్మకూడదని కొన్ని తరాల ప్రేక్షకులకు అది నేర్పింది.

ఒకే నాటకాన్ని ఒకే దర్శకుడు రెండుసార్లు సినిమాగా తీసిన ఉదంతం ఈ మార్పును అన్నిటికంటే స్పష్టంగా చూపిస్తుంది. లిలియన్ హెల్మన్ 1934 నాటి నాటకంలో, ఇద్దరు ఉపాధ్యాయినుల మధ్య ప్రేమ ఉందని ఒక చిన్నపిల్ల పుట్టించిన పుకారు వాళ్ల బడినీ బతుకునూ నాశనం చేస్తుంది. విలియం వైలర్ 1936లో దాన్ని తీసినప్పుడు నియమావళి ఒప్పుకోదు కాబట్టి ఆ పుకారును ఒక పురుషుడి చుట్టూ తిరిగే ముక్కోణపు ప్రేమగా మార్చవలసి వచ్చింది. 1961లో నిబంధన సడలింది. అదే వైలర్ ఆ నాటకాన్ని ఈసారి అసలు విషయంతోనే తీశాడు, షర్లీ మెక్లెయిన్ పాత్ర తన స్నేహితురాలిని తాను నిజంగానే ప్రేమిస్తున్నానని గుర్తించి, చెప్పుకుని, కాసేపటికే ఉరి వేసుకుంటుంది. పాతికేళ్లలో వచ్చిన మార్పు అంతే. అంతకుముందు ఆ ప్రేమ తెర మీద ఉండడానికి వీల్లేదు. ఇప్పుడు ఉండవచ్చు, కానీ సినిమా ముగిసేలోపు పోవాలి. నియమావళి 1968లో పూర్తిగా రద్దయింది. అది నేర్పిన ముగింపు మాత్రం రచయితల చేతివేళ్లలో మిగిలిపోయింది.

ఈ సంగతిని చాలా ముందే పసిగట్టినవాడు నవలాకారుడు ఈ.ఎం. ఫార్‌స్టర్. 1913, 1914 సంవత్సరాల్లో ఆయన ఇద్దరు పురుషుల ప్రేమకథ 'మారిస్' రాసి, బతికున్నంతకాలం అచ్చు వేయించకుండా దాచుకున్నాడు. నాయకుడు ఉరికొయ్యకు వేలాడే ముగింపు రాసి ఉంటే ఇబ్బంది ఉండేది కాదనీ, సుఖాంతం చేయడం వల్లనే దాన్ని ప్రచురించడం కష్టమైందనీ ఆయన 1960లో రాసుకున్నాడు. కనీసం కల్పనలోనైనా ఆ ఇద్దరూ ప్రేమలో పడి, అలాగే కలిసి ఉండిపోవాలన్నది ఆయన పట్టుదల. నవల ఆయన మరణానంతరం 1971లో వెలువడింది, జేమ్స్ ఐవరీ దాన్ని 1987లో సినిమాగా తీశాడు. ఆలోచించండి: చావు రాస్తే అచ్చవుతుంది, బతుకు రాస్తే నేరమవుతుంది. శతాబ్దం కిందట ఒక రచయిత మెడ మీద ఉన్న ఆ కత్తి మీ మెడ మీద లేదు. అయినా మీలో చాలామంది ఆ కత్తి ఇంకా ఉన్నట్టే రాస్తున్నారు.

ఉదాహరణకు రెండు అమెరికన్ ధారావాహికలను తీసుకోండి. 2002లో 'బఫీ ది వాంపైర్ స్లేయర్'లో, విడిపోయి మళ్లీ కలిసిన ఇద్దరు ప్రేయసుల్లో ఒకరైన టారా, మరెవరి మీదకో పేల్చిన తుపాకీ గుండు కిటికీలోంచి దూసుకొచ్చి తగలడంతో చనిపోతుంది. పద్నాలుగేళ్ల తర్వాత, 2016 మార్చిలో 'ది హండ్రెడ్'లో లెక్సా తాను ప్రేమించిన స్త్రీతో తొలిసారి దగ్గరైన కొన్ని నిమిషాలకే, ఆ స్త్రీ కోసం ఉద్దేశించిన గుండు తగిలి చనిపోతుంది. రెండూ గురి తప్పిన గుండ్లే, రెండూ ఆనందం వెంటనే వచ్చినవే. రెండింటి రచయితలూ తమ కథ తమకు చెప్పినట్టే రాశామని నిజాయతీగా అనుకుని ఉంటారు. కానీ 2016లో ఆ దృశ్యం చూసిన అమ్మాయిలు గుండె పగిలి రాసుకున్న మాటలను నేను చదివాను. వాళ్లు ఒక పాత్ర చనిపోయిందని మాత్రమే ఏడవలేదు, ఇలా జరుగుతుందని తమకు ముందే తెలుసుననీ, తెలిసీ మరోసారి నమ్మామనీ ఏడ్చారు. ఆ దుఃఖంలోనే వాళ్లు డబ్బు పోగుచేసి, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న క్వీర్ (గే, లెస్బియన్ తదితర) యువతకు ఆసరా ఇచ్చే ఒక సంస్థకు పంపించారు. ఇతర పాత్రల కథను ముందుకు నడపడం కోసం క్వీర్ పాత్రలను చంపబోమని కొందరు రచయితలు ఒక ప్రతిజ్ఞాపత్రం మీద సంతకాలు కూడా చేశారు.

గే పాత్రలు చావకూడదని నేను కోరడం లేదు. చావును నిజంగా చూసిన కథలు నాకు తెలుసు. 2021లో రస్సెల్ టి. డేవిస్ రాసిన 'ఇట్స్ ఎ సిన్' ఎనభయ్యో దశకంలో ఎయిడ్స్ లండన్ యువకులను ఎలా తుడిచిపెట్టిందో చెప్పింది, ఆ కథలో చావులు లేకపోతే అది అబద్ధమయ్యేది. కానీ ఆ అయిదు భాగాల్లో రచయిత ముందుగా వాళ్లకు ఒక ఇల్లు ఇచ్చాడు, ఆ ఇంటికి ఒక పేరు ఇచ్చాడు, అందులో స్నేహాలూ పార్టీలూ పిచ్చి జోకులూ నింపాడు. ఎవరు పోయినా ఆ ఇంట్లో ఒక గది ఖాళీ అయినట్టు మనకు తెలుస్తుంది. ఆ ధారావాహిక ప్రసారమైన రోజుల్లో బ్రిటన్‌లో హెచ్ఐవీ పరీక్షల కోసం అడిగేవారి సంఖ్య పెరిగింది.

హన్సల్ మెహతా దర్శకత్వంలో 2016లో విడుదలైన 'అలీగఢ్' కూడా అలాంటిదే. ఒక పురుషుడితో ఉన్నాడన్న కారణంతో విశ్వవిద్యాలయం సస్పెండు చేసిన మరాఠీ ఆచార్యుడు రామచంద్ర సిరాస్ జీవితం ఎలా ముగిసిందో అది మార్చలేదు. 2010 ఏప్రిల్‌లో అలహాబాద్ హైకోర్టు ఆయనకు అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చిన కొద్ది రోజులకే ఆయన తన గదిలో విగతజీవిగా కనిపించారు. కానీ ఆ సినిమా చూసిన ఎవరినైనా అడగండి, వాళ్లకు గుర్తుండేది మనోజ్ బాజ్‌పాయ్ ఒంటరిగా గదిలో కూర్చుని, చేతిలో గ్లాసుతో, పాత లతా మంగేష్కర్ పాటకు కళ్లు మూసుకుని తల ఊపే ఆ సుదీర్ఘమైన దృశ్యమే. కథ ముందుకు కదలడానికి అది పనికిరాదు. ఒక మనిషి సాయంత్రం ఎలా గడుపుతాడో చూపడానికే అది ఉంది. మూడక్షరాల ఒక ఇంగ్లీషు మాటలో తన మనసు ఎలా పడుతుందని ఆయన అడిగినప్పుడు మనకు అర్థమవుతుంది, ఎందుకంటే ఆ సాయంత్రాన్ని అప్పటికే చూశాం.

టెలివిజన్ రచయితలతో ప్రత్యేకంగా ఒక మాట. మీ చేతిలో ఉన్నంత కాలం సినిమావాళ్ల చేతిలో లేదు. మీ పాత్రలు వారం వారం, కొన్నిసార్లు రోజు రోజూ, పిలవకుండానే ఇంట్లోకి వస్తాయి. బ్రిటన్‌లో బీబీసీ ధారావాహిక 'ఈస్ట్‌ఎండర్స్'లో 1987లో ఒక యువకుడు తన సహచరుడి నుదుటి మీద ముద్దు పెట్టినందుకు పత్రికలు గగ్గోలు పెట్టాయి. మరుసటి ఏడాది స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను 'ప్రోత్సహించకూడదు' అంటూ సెక్షన్ 28 చట్టమైంది. అయినా ధారావాహిక ఆగలేదు, గే పాత్ర రోజువారీ బతుకు అందులో కొనసాగింది. అమెరికాలో 1997 ఏప్రిల్ 30న 'ఎలెన్' నాయిక తాను లెస్బియన్‌నని చెప్పిన భాగాన్ని సుమారు 4 కోట్ల 20 లక్షల మంది చూశారు, మరుసటి ఏడాది ఆ ధారావాహిక రద్దయింది. చెప్పుకునే ఘట్టానికి దేశమంతా కూర్చుంది, చెప్పుకున్న తర్వాతి జీవితానికి మాత్రం ఓపిక చాలలేదు. నేను అడుగుతున్న మరుసటి రోజు అదే. ప్రకటనదారుల భయం మీకు ఉంటుందని తెలుసు. నుదుటి మీది ఆ ఒక్క ముద్దుకు గగ్గోలు పెట్టిన దేశమే 2003 నాటికి ఆ చట్టాన్ని పూర్తిగా ఎత్తేసిందని కూడా గుర్తుంచుకోండి.

మరుసటి రోజును రాయడమంటే ఏమిటో 2023లో జియో బేబీ తీసిన మలయాళ చిత్రం 'కాదల్ ది కోర్' నాకు నేర్పింది. మమ్ముట్టి అంతటి నటుడు తానే నిర్మించి, తానే పోషించిన మాథ్యూ అనే పాత్ర ఉప ఎన్నికలో నిలబడుతున్న సమయంలో, ఇరవై ఏళ్లు కాపురం చేసిన భార్య ఓమన, అతను గే అన్న కారణంతో విడాకుల దావా వేస్తుంది. జ్యోతిక చేసిన ఆ పాత్ర మీద దర్శకుడు ఒక్క రవ్వ మచ్చ కూడా పడనివ్వలేదు. ఆమె తన స్వేచ్ఛ కోసం ఎంతగా పోరాడుతుందో అతని విముక్తి కోసం కూడా అంతగానే పోరాడుతుంది. కొడుకు సంగతి తెలిసి కూడా పెళ్లి చేశానని ముసలి తండ్రి ఒప్పుకునే చోట, ఈ అబద్ధానికి మూల్యం కట్టింది ఎంతమందో ఒక్కసారిగా బయటపడుతుంది. గే మనిషి గురించిన కథ అతనొక్కడి కథ కాదని, బలవంతపు పెళ్లిలోకి లాగబడిన స్త్రీ కథ కూడా అని ఇంత స్పష్టంగా చెప్పిన సినిమాలు తక్కువ. ఆపై మాథ్యూ ఎన్నిక గెలుస్తాడు. చెప్పుకున్నాడు, విడాకులయ్యాయి, ఊరికి తెలిసింది, రేపు పొద్దున అతనికి చేయవలసిన పని ఉంది. ఆ ఏడాది కేరళ రాష్ట్ర ఉత్తమ చిత్రం పురస్కారం దానికే దక్కింది.

ఆ సినిమాలోంచి ఆ అంశాన్ని కత్తిరించి చూడండి, సినిమాయే మిగలదు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి ఒకటి పెద్ద పెట్టుబడి చిత్రాల్లో స్థిరపడుతోంది. 2019 నాటి ఒక 'స్టార్ వార్స్' చిత్రంలో ఇద్దరు స్త్రీలు గుంపులో క్షణకాలం ముద్దు పెట్టుకుంటారు, సింగపూర్‌లో విడుదలైనప్పుడు ఆ క్షణం తీసేశారు, కథకు ఏ లోటూ రాలేదు. ఏ సన్నివేశాన్ని తీసేస్తే కథకు చీమ కుట్టినట్టయినా ఉండదో, ఆ సన్నివేశం కథలో మొదటినుంచీ లేనట్టే లెక్క. నిర్మాతలారా, ఒక మార్కెట్టులో మెప్పు కోసం పెట్టి, మరో మార్కెట్టులో లాభం కోసం తీసేయడానికి వీలుగా మా బతుకులను అమర్చకండి. పెట్టదలచుకోకపోతే మానేయండి, ఆ నిజాయతీని నేను గౌరవిస్తాను.

మాటల విషయం కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే నేను తెలుగులో ఆలోచించే మనిషిని, డబ్బింగు రాసేవారూ సబ్‌టైటిళ్లు రాసేవారూ ఈ లేఖ చదువుతారని ఆశిస్తున్నాను. 'వాడు తేడా' అన్న రెండు మాటలు తెలుగు సంభాషణల్లో ఎంత తేలిగ్గా దొర్లుతాయో మీకు తెలుసు. తేడా అన్నది నిజానికి తప్పు మాట కాదు. కానీ దాన్ని పలికే గొంతు, వెంటనే మోగే నేపథ్య సంగీతం, వెనక్కి జరిగే హీరో, ఇవన్నీ కలిసి దాన్ని రాయిగా మార్చాయి. బడిలో ఆ రాయి నాకు తగిలింది. ఇక పత్రికల్లోనూ సబ్‌టైటిళ్లలోనూ వాడే 'స్వలింగ సంపర్కులు' అన్న మాట మనిషిని పడక వరకే కుదించేస్తుంది. భార్యాభర్తలను మనం ఆ పద్ధతిలో పిలవము కదా. గే, లెస్బియన్ అన్న మాటలు ఇప్పుడు అందరికీ తెలుసు, తెలుగు మాటే కావాలంటే స్వలింగ ప్రేమ అన్నది ఉంది. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన తెలుగు చిత్రం 'అ!'లో ఒక అమ్మాయి తన తల్లిదండ్రులకు తాను ప్రేమించిన అమ్మాయిని పరిచయం చేసినప్పుడు, హాస్యం మన భాషలో ఆ ప్రేమను గాయపరచకుండా కూడా పుడుతుందని తెలిసింది. గే పాత్ర నవ్వించవచ్చు, నిజంగా నవ్వించాలి కూడా. ఆ జోకు ఆ పాత్ర వేస్తోందా, ఆ పాత్ర మీద పడుతోందా అన్నది మాత్రం రాసేటప్పుడే చూసుకోండి.

నటీనటుల గురించి ఒక చిన్న విన్నపం. గే పాత్ర పోషించిన నటుణ్ణి ప్రచార సభల్లో 'ఎంత ధైర్యం' అని పొగడడం దయచేసి ఆపండి. హంతకుడి వేషం వేసినవారిని మనం ధైర్యవంతులని అనము. ఆ పొగడ్త వింటున్న పదిహేనేళ్ల కుర్రవాడికి, తనలా కనిపించడమే సాహసమన్న సంగతి మరోసారి చేరుతుంది. అలాగే, రాత దశలోనే గే, లెస్బియన్ రచయితలను జీతం ఇచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టండి. షూటింగు అయిపోయాక అభిప్రాయం అడిగితే మర్యాదకు తల ఊపడం తప్ప వారు చేయగలిగేది ఏమీ ఉండదు.

ఇప్పుడు మీ బల్ల మీద ఒక స్క్రిప్టు ఉండే ఉంటుంది. అందులో గే పాత్రో లెస్బియన్ పాత్రో ఉంటే, అది చివరిసారిగా కనిపించే పేజీ ఏదో వెతకండి. ఆ తర్వాత ఇంకా ఎన్ని పేజీలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ పేజీల్లో ఎక్కడో ఒకచోట, ఆ మనిషి పొద్దున్నే లేచి, ఎవరికో టీ పెట్టి, ఆలస్యమైందని గొణుక్కుంటూ పనికి బయలుదేరడానికి చోటు దొరుకుతుందేమో చూడండి. దొరికితే ఆ దృశ్యాన్ని ఎడిటింగులో తీసేయకుండా ఉంచమని మనవి.

ఇట్లు,
మీ సినిమాలనూ ధారావాహికలనూ చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఒక గే ప్రేక్షకుడు